మేకు కొట్టని పెట్టె

మొన్న మా మేడమ్ ఇంటికి ఏదో దేశం నుంచి పెద్ద దీపాల గుత్తి ఒకటి చెక్కపెట్టెలో వచ్చింది. దించిన బంగ్లాదేశీ మనుషులు ఇనప కడ్డీతో పెట్టెని నాలుగు పక్కలా పెకలించి, గుత్తిని లోపలికి మోసుకుపోయి, చెక్కలు గోడకి చేరేసి వెళ్ళిపోయారు. మేకులు మాత్రం వాకిలంతా పడి ఉన్నాయి. మేడమ్ పిల్లలు వట్టి కాళ్ళతో తిరుగుతారని ఏరడం మొదలుపెట్టాను. పిడికెడు అయ్యాక చెత్తడబ్బాలో పారేయాల్సింది పోయి, ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. శుక్రవారం ఇవ్వొచ్చు కదా అనుకున్నాను. ఇవ్వడానికి ఆయన లేడని ఆ తర్వాత గుర్తొచ్చింది.

మా ప్రార్థన కూడికలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కార్పెంటర్ బ్రదర్ అనేవారు. క్యాంపుల్లో ఉండే తెలంగాణ వాళ్ళు కాకా అనేవారు. నేను అన్నయ్యా అనేదాన్ని. అందుకని నేనూ ఇక్కడ పేరు రాయను.

ఖతర్‌లో సెలవు శుక్రవారం గనక మాకు ఏడాది పొడుగునా ఆదివారం శుక్రవారమే. ముఐథర్‌లో ఒక విల్లా హాల్లో, పాట బయటికి వినపడకుండా గొంతు తగ్గించి పాడుకుంటూ కూడుకునేవాళ్ళం. ఆయన అందరికన్నా ముందు వచ్చి బయట మెట్టు మీద కూర్చునేవాడు. జేబురుమాలు పరిచి, ప్యాంటు జేబులోంచి వంగిపోయిన మేకులు తీసి దాని మీద పోసేవాడు. వారమంతా వర్క్‌షాపులో పాత పెట్టెల్లోంచి పీకినవి. సంచీలోంచి చిన్న సుత్తి తీసి, ఒక్కొక్క మేకునీ మెట్టు రాయి మీద వేలితో దొర్లిస్తూ, గూని ఎక్కడుందో చూసి అక్కడ మెల్లగా తట్టేవాడు. సుత్తి చప్పుడు కూడా పెద్దగా వచ్చేది కాదు.

"మేకుని చక్కచేసేటప్పుడు కొట్టకూడదు చెల్లెమ్మా, దువ్వాలి," అనేవాడు.

ఆఫీసు వాళ్ళు కార్లు దిగి వస్తూ ఆయన్ని ఏడిపించేవారు. "కొత్త మేకులు మేం కొనిపెడతాం లెండి బ్రదర్. మీ జీతంలోంచి కోసుకోంలెండి."

"కొత్తది నా మాట వినదండి," అనేవాడు తలెత్తకుండా. "ఒకసారి వంగినదానికైతే కాస్త బుద్ధొచ్చి ఉంటుంది."

ఆయనది కృష్ణా జిల్లా, సముద్రం దగ్గర పల్లె. పొడుగ్గా ఉండి ముందుకి వంగినట్టు నడిచేవాడు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడు చూసినా నల్లగా కమిలి ఉండేది. చొక్కా జేబులో బద్దలాంటి వడ్రంగి పెన్సిలు. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఎగిరేవి. నన్ను సిస్టర్ అని ఒక్కనాడూ పిలవలేదు. "సిస్టరంటే నాకు సూదిమందు గుర్తొస్తుంది," అనేవాడు.

నాకు అక్షరాలు వచ్చింది ఆయన దగ్గరే. అప్పటికే నాకు యాభై దాటింది. కూడికలో పాటల పుస్తకం పట్టుకుని, పాటలన్నీ నోటికి పాడేదాన్ని. పక్కవాళ్ళు పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. వాళ్ళు నాలుగైదు పేజీలు ఒక్కసారి తిప్పుతారనీ, వెనక్కి కూడా తిప్పుతారనీ నాకు తట్టలేదు. నేను బుద్ధిగా పాటకొక పేజీ ముందుకి తిప్పేదాన్ని. వెనక వరసలో కూర్చున్న ఆయన అది కనిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, నన్నూ ఏమీ అడగలేదు. మరుసటి శుక్రవారం అరచేతిలో పట్టేంత చెక్కముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. నున్నగా గరుకుకాగితం పట్టించి, పెన్సిలుతో 'అ' రాసి ఉంది.

"వంట చేస్తూ చూసుకో. దాని పక్కనే నువ్వూ రాయి."

"తప్పొస్తే?"

"గీకేస్తాను. చెక్క మీద తప్పు పోతుంది."

అలా వారానికొక చెక్క. వాటిని వంటింట్లో పిండి డబ్బా వెనక దాచేదాన్ని. మేడమ్ చిన్నకొడుకు 'ఖ'ని ఎత్తుకుపోయి బొమ్మకారుకి వంతెన కట్టుకున్నాడు. ఆ అక్షరం ఆయన మళ్ళీ చేసిచ్చేదాకా నాకు రాలేదు.

ఆయన పనిచేసే వర్క్‌షాపు అల్ రయ్యాన్ దాటాక ఉండేది. సామాన్లు పంపే చెక్కపెట్టెలు చేసేవారు. ఎవరైనా పనివాడు పోతే విమానంలో ఇంటికి పంపే పెట్టె కూడా అక్కడే చేసేవారు. దాన్ని వాళ్ళు పెద్ద పెట్టె అనేవారు. పెద్ద పెట్టె పని వచ్చిన వారం మెట్టు మీద మేకులు పోసేవాడు కాదు. ఊరికే కూర్చునేవాడు. అడిగితే, "లోపల చెక్క నునుపు చేస్తుంటే ఫోర్‌మన్ నవ్వుతాడు చెల్లెమ్మా. లోపలివాడికి గుచ్చుకుంటుందా, యల్లా యల్లా, కానీ కానీ అంటాడు. గుచ్చుకోదులే. నాకూ తెలుసు," అన్నాడు ఒకసారి.

ఒక చలికాలం శుక్రవారం, నేను మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. నాకు తెరిచి చూపించాడు.

"ఇదేంటో చెప్పు."

తెల్లటి దూదిలో గుండ్రాయిలాంటి ఎముక. దానికి అడ్డంగా తుప్పు రంగు మేకు, ఒక పక్కనుంచి దూరి రెండో పక్క బయటికి వచ్చింది. వచ్చినచోట కొస వంకర తిరిగి ఉంది.

"గొడ్డు ఎముకా?"

"మనిషి మడమ."

నేను ఫోన్ వెనక్కి ఇచ్చేశాను. ఆయన మాత్రం చెప్పడం ఆపలేదు. ఇక్కడి కాలేజీలో పాతకాలపు ఎముకల గురించి పాఠం చెప్పే తెల్లావిడ ఒకామె వర్క్‌షాపుకి వచ్చిందట. తన పాఠానికి తెప్పించుకున్న నమూనా ఒకటి తిరిగి పంపాలి, చిన్న పెట్టె కావాలి అందట. అసలు ఎముక కాదు, అచ్చు అలాగే పోత పోసినది. అసలుది చాలా ఏళ్ళ కిందట యెరూషలేములో ఒక రాతి సమాధిలో దొరికింది. రోమా వాళ్ళు సిలువ వేసిన మనిషి మడమ అది. ఆమె వెంట వచ్చిన హైదరాబాద్ డ్రైవరు ఉర్దూలో చెబుతుంటే, ఈయన ఆ పోతని చేతిలో పట్టుకుని కొలతలు తీసుకున్నాడు.

"మన ప్రభువుదా?" అన్నాను.

"కాదు చెల్లెమ్మా. వేరే ఎవరో. కుర్రవాడేనట, ముప్పై లోపు ఉంటాయట. ఏ నేరం మోపారో ఎవరికీ తెలీదు."

చెప్పు విప్పి, పాదం మెట్టు మీద పెట్టి, మడమకి బయటిపక్క వేలు ఆనించాడు. "ఇక్కణ్ణుంచి. ముందునుంచి కాదు, పక్కనుంచి. పటాల్లో పాదాలు ఒకదాని మీద ఒకటి వేసి ఉంటాయే, అలా కాదు. ఈ మనిషికి ఒక్కో కాలూ మానుకి ఒక్కో పక్క పెట్టి కొట్టారని ఆవిడ అనుకుంటోంది. చేతి ఎముకల మీద మేకు గుర్తు లేదట. తాళ్ళతో కట్టి ఉంటారట. అందరికీ ఒకేలా చేశారని కూడా చెప్పలేం అంది."

"అప్పట్లో ఎంతోమందిని వేశారు గదా. మరి ఎముకలు చాలా దొరికి ఉండాలే."

"నేనూ అదే అడిగాను." ఆయన చెప్పు మళ్ళీ తొడుక్కున్నాడు. "వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవట. ఇంగ్లండులో ఇంకో మడమ దొరికింది, పెద్దగా చెప్పుకోవాల్సినవి అంతే. ఎక్కువమందిని కిందికి దింపి ఇవ్వలేదట చెల్లెమ్మా. అలాగే వదిలేసేవారు, పక్షులకి. లేదంటే ఏ గోతిలోనో పడేసేవారు. ఇచ్చినా మేకులు పీకేసుకునేవారు, మళ్ళీ పనికొస్తాయి గదా. ఈ మేకు కొస ఏ ముడికో తగిలి వంగిపోయింది. పీకలేకపోయారు. అందుకని మేకుతోనే ఇచ్చేశారు."

"ఎవరికి ఇచ్చారు?"

"ఇంటివాళ్ళకి. వాళ్ళు వెళ్ళి అడిగారన్నమాట. సిలువ వేసిన మనిషి మావాడే అని చెప్పుకోవడమంటే చిన్న విషయమా ఆ రోజుల్లో? అడిగి, తెచ్చుకుని, రాతి గదిలో పడుకోబెట్టి, కొన్నాళ్ళకి ఎముకలన్నీ ఏరి చిన్న రాతిపెట్టెలో పెట్టారు. పెట్టె మీద పేరు గీకారు. రాత కూడా వంకరటింకరేనట. మనబోటి వాళ్ళెవరో గీకినట్టుంది."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగుంది. కానీ ఇంకో సంగతి చెప్పేటప్పుడు అది పోయింది. మేకు తలకీ ఎముకకీ మధ్య చిన్న చెక్కబిళ్ళ ఆనవాలు ఉందట. కాలు మేకు తలమీంచి జారిపోకుండా వేసింది.

"అది మా పనే," అన్నాడు. "పలచటి దాన్ని మేకుతో బిగించేటప్పుడు నేనూ అలాగే బిళ్ళ వేస్తాను. ఎవడో పని తెలిసినవాడు చేశాడది. తీరిగ్గా, కొలత చూసుకుని."

ఆ తర్వాత ఆయన పెద్ద పెట్టెకి మేకు కొట్టడం మానేశాడు. మరలు పెట్టి చేత్తో తిప్పేవాడు. రెండింతలు టైం పడుతుందని ఫోర్‌మన్ అరిచినా వినలేదు. మిగతా సామాన్ల పెట్టెలకి మామూలుగానే కొట్టేవాడు.

ఆ ఏడు శుభశుక్రవారం నాడు ఆయన అందరి చేతా మాటపడ్డాడు. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు తలా కాసేపు మాట్లాడటం మావైపు పద్ధతి. దాహం గురించిన ఐదో మాట ఆయనకి ఇచ్చారు. ఎప్పుడూ వెనక వరసలో ఉండే మనిషికి ఇవ్వడం అదే మొదటిసారి. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి నిలబడ్డాడు. దాహం సంగతి ఒక్క వాక్యంలో ముగించి, మడమ ఎముక మొదలుపెట్టాడు. పక్కనుంచి కొట్టడం, తాళ్ళు, పక్షులు, చెక్కబిళ్ళ, అన్నీ చెప్పాడు. ముందు వరసలో ఒక తల్లి పిల్ల చెవులు మూసింది. ఆయన ఎవరి మొహమూ చూడటం లేదు. కొసకి, "ఆ మనిషి ఉన్నాడని మనకెలా తెలిసింది? ఎవరో వెళ్ళి మావాడే అన్నారు గనక తెలిసింది. మిగతావాళ్ళ కోసం ఎవరూ రాలేదో, వచ్చినా ఇవ్వలేదో," అని, వచ్చి కూర్చున్నాడు.

మా కూడిక పెద్ద, గోదావరి జిల్లా ఆయన, ఒక కంపెనీలో అకౌంట్లు చూసేవారు. మంచివారే. భోజనాల దగ్గర ఈయన పళ్ళెంలో పప్పు వడ్డిస్తూ, "బ్రదర్, మేం మీకు దాహం ఇచ్చాం. మీరు మాకు ఎముక ఇచ్చారు," అన్నారు. అందరూ నవ్వారు. ఈయన భుజాలు కూడా ఎగిరాయి. కానీ పళ్ళెంలో అన్నం అలాగే ఉంచేశాడు. మరుసటి ఏడు ఆయనకి మాట ఇవ్వలేదు.

జగిత్యాల వైపు మనిషి ఒకాయన పోయిన సంగతి ఆ ఎండాకాలంలోనే వచ్చింది. అతను మదీనత్ అల్ షమాల్ దగ్గర ఒక తోటలో పనిచేసేవాడు. చాలా ఏళ్ళ కింద కంపెనీ వదిలేసి బయటికొచ్చేశాడు. అలాంటి వాళ్ళని ఇక్కడ ఖల్లివల్లి అంటారు. కాగితాలు ఉండవు, సెలవు ఉండదు, ఇంటికి పోయే దారి ఉండదు. ఒకరోజు నిద్రలోనే పోయాడు. ఇంటివాళ్ళు సంతకం చేసి కాగితం పంపితే తప్ప శవం ఆసుపత్రి నుంచి కదలదు. తోటివాళ్ళు ఫోన్ చేస్తే భార్య వద్దు పొమ్మంది. పెట్టె సంగతి కనుక్కుందామని వర్క్‌షాపుకి వచ్చిన నిజామాబాద్ మేస్త్రి ఒకతను ఆ మాట ఈయనకి చెప్పాడు. "గామె రానియ్యదంట కాకా. ఇక్కడ్నే మట్టి జేస్తరేమో," అన్నాడట.

ఈయన ఆ భార్య నంబరు తీసుకున్నాడు. ఇంక అదే పని. మెట్టు మీద మేకులు లేవు, నాకు కొత్త చెక్క లేదు. కూడిక పెద్దని ఆమెతో మాట్లాడమని అడిగితే ఆయన అన్నారు, "బ్రదర్, ప్రార్థన చేద్దాం. కానీ ఆ ఇంటి గొడవలో మనం ఎందుకు? ఆయన మనవాడు కూడా కాదు కదా."

"ఆ మడమ మనిషీ మనవాడు కాదండి," అన్నాడు ఈయన.

తర్వాతి శుక్రవారం నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "నీ ఫోన్ ఇయ్యి చెల్లెమ్మా. ఆవిడ నా నంబరు బ్లాక్ చేసేసింది."

"నేను మాట్లాడతాను, మీరుండండి," అన్నాను. ఆడమనిషి గొంతు వింటే మెత్తబడుతుందేమో అని. స్పీకరు పెట్టి చేశాను.

"ఎవలు?"

"నేను ఖతర్ నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీ ఆయన సంగతి..."

"దుబాయ్‌ల గాయనకు నువ్వేమైతవ్?"

"దుబాయ్ కాదమ్మా, ఖతర్."

"ఏదైతేంది. నువ్వేమైతవ్ అంటున్న. ఉంచుకున్నదానివా?"

నాకు చెవులు కాలిపోయాయి. పక్కన ఈయన భుజాలు ఎగురుతున్నాయి. "కాదమ్మా తల్లీ. ఆయన మొహం కూడా నేను చూడలేదు."

"చూడకుంటె నీకెందుకక్కా మరి?"

ఈయన ఫోన్ అందుకున్నాడు. నంబరు మార్చి చేసినందుకు తిట్లు తిన్నాడు. తిట్టనిచ్చి, నెమ్మదిగా ఆ మడమ కథ చెప్పాడు. ఎంత అవమానమైనా ఇంటివాళ్ళు వెళ్ళి తెచ్చుకున్నారనీ, పెట్టె మీద పేరు రాసుకున్నారనీ చెప్పాడు. ఆమె అడ్డురాకుండా మొత్తం విన్నది.

"అయిపోయిందా కాకా?"

"అయిందమ్మా."

"గా మనిషిని సంపిండ్రు. ఇల్లిడిసి పోలే. ఈన ఇడిసి పోయిండు. పిల్ల నడక నేర్వకముందు పోయిండు. ఇప్పుడు పిల్ల నా అంత అయింది. ఒక్క ఫోన్ లేదు. బతికున్నడో సచ్చిండో అని నేను బొట్టు పెట్టుకోవాల్నా వద్దా తెల్వకుంట తిరిగిన. ఇయ్యాల సచ్చినంక నా మొగడే అని తెచ్చుకోవాల్నా? గట్లనా నీ కథ?"

"నిజమేనమ్మా," అన్నాడు ఈయన. నిజంగానే అన్నాడు. ఆమె పెట్టేసింది.

అప్పుడాయన మెట్టు మీద కూర్చున్న తీరు నాకు ఇంకా కళ్ళ ముందుంది. "నేను తప్పు కథ చెప్పాను చెల్లెమ్మా," అన్నాడు. ఇంక ఊరుకుంటాడనుకున్నాను.

ఊరుకోలేదు. ఆమె ఒప్పుకోకముందే వర్క్‌షాపులో పెట్టె చేసేశాడు. ఎప్పుడూ చేసే కొలతకే, మరలు బిగించి, నునుపు చేసి, గోడకి నిలబెట్టి వచ్చి, శుక్రవారం మళ్ళీ నా ఫోన్ అడిగాడు. ఆమె ఎత్తుతుందనుకోలేదు. ఎత్తింది.

"పెట్టె అయిపోయిందమ్మా," అన్నాడు.

"ఎవలు జెయ్యమన్నరు నిన్ను?"

"ఎవరూ చెయ్యమనలేదు."

అటుపక్క ఎక్కడో మేక అరుస్తోంది.

"ఎంత పొడుగు జేసినవ్?" అంది.

"అందరికీ ఒకటే కొలతమ్మా. ఆరడుగుల పైన."

"గంతనా?" ఆమె గొంతు మారింది. కోపమే, కానీ వేరే కోపం. "నీకెవలు జెప్పిండ్రు కాకా గాయన గంత పొడుగని? పొట్టోడు. నా చెవు దాక రాడు. గంత పెద్దదాంట్ల పెడితే విమానంల అటు ఇటు కొట్టుకుంటడు గద."

ఈయన నా వైపు చూశాడు. నేనే అందుకున్నాను. "ఎంత ఉంటాడమ్మా? చెప్పు. కొలత చెప్పు."

"ఉండు." ఆమె నడుస్తున్న చప్పుడు. "మా దర్వాజ గొళ్ళెం ఉన్నది. గొళ్ళెం కింద వంగకుంటనే వస్తుండె. గొళ్ళెం కన్న ఇంత కిందికి." ఆ ఇంత ఎంతో మాకెలా తెలుస్తుంది? ఆమెకే తట్టినట్టుంది. బిడ్డని కేకేసింది. ఇద్దరూ కలిసి నేల దగ్గర్నుంచి దర్వాజ మీద జానలు వేయడం మొదలుపెట్టారు. పిల్ల లెక్క తప్పితే తల్లి కసిరి మళ్ళీ మొదటినుంచి వేయించింది. మేమిద్దరం ఫోన్ మధ్యలో పెట్టుకుని విన్నాం. లెక్క చెప్పింది. ఈయన బద్ద పెన్సిలు తీసి అరచేతిలో రాసుకున్నాడు.

"జర దూది పెట్టు కాకా," అంది. "గాయనకు సలి ఓర్వదు."

"పెడతానమ్మా."

"కాయితం మీద ఏడ సంతకం బెట్టాలె?"

పెట్టె మరలు విప్పి, కోసి, మళ్ళీ బిగించడానికి ఆయన తన భోజనం టైమంతా వాడాడు. మేడమ్ పారేయమన్న పాత రజాయి నేను ఇచ్చాను. కాగితాలు రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది, కానీ వచ్చాయి. పెట్టె వెళ్ళింది. వెళ్ళిన రోజు ఆయన నాకు ఫోన్ చేసి, "వెళ్ళాడు," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

తర్వాత కొన్ని నెలలకే ఈయన వీసా కూడా అయిపోయింది. వయసు దాటిందని కొత్తది వేయలేదు. క్యాన్సిల్ మీద, ఇంక తిరిగి రావడానికి లేకుండా, ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు శుక్రవారం, కారు ఎక్కబోతూ, "ఒత్తులు ఇంకా తప్పు రాస్తున్నావు," అన్నాడు. వెళ్ళాక ఫోన్ చేస్తానన్నాడు. చేయలేదు. నేనూ చేయలేదు. పెద్ద కుటుంబం, కొడుకు, కోడలు, మనవలు ఉన్నవాళ్ళు. అరబ్బు ఇంట్లో వంటమనిషి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, బియ్యం కడుగుతుంటే కూడిక గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. పూలదండ ఉంది. కింద రెండు వరసల రాత. చేతులు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆయన నేర్పిన అక్షరాలతోనే ఆయన పోయిన సంగతి చదువుకున్నాను. గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆయన ఇంటికి మాత్రం ఫోన్ చేయలేదు. ఏమవుతారని అడిగితే ఏం చెప్పాలి?

మేకులు ఏరిన ఆ వారంలోనే, కూడిక అయి చెప్పులు తొడుక్కుంటుంటే, ఫోన్ మోగింది. జగిత్యాల ఆమె.

"అక్కా, కాకను పిలువు. ఆయన నంబరు కలుస్తలేదు. గాయన ఏడాది జేసినం నిన్న. ఒక్క మాట చెప్పాల్నని."

"నాకు చెప్పమ్మా."

"పెట్టె తెరువలేదని చెప్పు కాకకు. ఊరంత తెరువుమన్నరు. మొఖం జూస్తె తిడుదును అక్కా. ఎన్నేండ్ల తిట్లు నోట్ల ఉన్నయ్. తిట్టకుంట పంపాల్నని తెరువనియ్యలే. పెట్టెతోనే బొంద పెట్టినం. గట్ల చేసుడు తప్పయితదా అని కాకను అడుగుదామని."

"తప్పు కాదమ్మా," అన్నాను. తర్వాత చెప్పక తప్పలేదు. "కాక లేడు. పోయాడు."

మా వాళ్ళంతా కార్లెక్కి వెళ్ళిపోయారు.

"ఏడ? ఆడనేనా?"

"కాదు, ఇంటి దగ్గరే."

"మంచిగ తీసిండ్రా? మట్టికి జనం వచ్చిండ్రా?"

"నాకు తెలీదమ్మా."

"తెల్వదా?" అంది. తిట్టినట్టే అంది. "అడుగలేదా నువ్వు?"

"నేనెవర్నని అడగను?"

"నన్ను అడిగితివి గద, మొఖం సూడనోని కోసం," అంది. "అడుగు. అడిగి నాకు జెప్పు."

మెట్టు మీద కూర్చున్నాను. గ్రూపులో ఆయన ఫోటో కింద కొడుకు నంబరు ఉంది. ఎండకి రాయి కాలుతోంది. నొక్కాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. నెమ్మదైన గొంతు. ఖతర్ నుంచి అన్నాను. మీ నాన్నగారు పోయినప్పుడు ఎలా జరిగిందో కనుక్కుందామని చేశానన్నాను.

"మీరేమవుతారండి ఆయనకి?"

"చెల్లెల్ని."

"మా నాన్నకి చెల్లెళ్ళు ఎవరూ లేరండి."

"ఉంది బాబూ," అన్నాను.

అతను మళ్ళీ ఏమీ అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు ముసురు పట్టిందట. మా వైపు నేల తెలుసుగా అండీ, అన్నాడు. గొయ్యి తవ్వుతుంటే నీళ్ళు ఊరాయట. తోడుతున్నకొద్దీ ఊరాయట. నీళ్ళలో ఆయన్ని దించడం ఇష్టంలేక ఊళ్ళోవాళ్ళు వంతులేసుకుని బకెట్లతో తోడారట. ఎవరెవరు తోడారో ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. వాళ్ళెవరూ నాకు తెలియదు. అన్ని పేర్లూ విన్నాను.